పాత స్పీడ్‌మాస్టరా, కొత్తదా? ఒక్కటే వాచీ కొనాలి

సెకన్లముల్లు
చాలా ఏళ్లుగా ఈ వాచీ మీదే కన్ను. ఇన్నాళ్లకి డబ్బు చేతికొచ్చింది, ఇప్పుడేమో తేల్చుకోలేకపోతున్నాను. ఒకటి కొత్త ఒమేగా స్పీడ్‌మాస్టర్ ప్రొఫెషనల్, లోపల 3861 అనే మూవ్‌మెంట్ (వాచీని నడిపే యంత్రం), హెసలైట్ (ఒకరకం ప్లాస్టిక్) అద్దం ఉన్నది. రెండోది 1969 నాటి స్పీడ్‌మాస్టర్, మోడల్ నంబర్ 145.022, లోపల 861 మూవ్‌మెంట్. ఒకాయన అమ్ముతున్నాడు, "పూర్తిగా ఒరిజినల్" అంటున్నాడు. రెండూ 42 మిల్లీమీటర్లే, రెండింటికీ చేత్తోనే కీ ఇవ్వాలి, ధరలోనూ పెద్ద తేడా లేదు.

నాకు కలెక్షన్ లేదు, పెట్టే ఉద్దేశమూ లేదు. కొన్నది రోజూ పెట్టుకుంటాను. ఆఫీసుకి, బండి మీద, వానలో, పిల్లల్ని ఎత్తుకునేప్పుడు. పాతదాన్ని చూస్తే మనసు లాగుతోంది, కొత్తదాన్ని చూస్తే బుద్ధి "ఇది తీసుకోరా" అంటోంది. మీరైతే ఏది కొంటారు? "రెండూ కొను" అని సలహా ఇచ్చేవాళ్లు డబ్బు కూడా పంపాలి.

కీఇస్తేచాలు
కొత్తది. "వానలో" అన్నారు చూడండి, అక్కడితో అయిపోయింది.

పాతడయల్
అంత తొందరగా తీర్పు చెప్పేస్తే ఎలా. ఆ కొత్తది ఎందుకంత బాగుందో ఆలోచించారా? పాతదాన్ని చూసి చేశారు కాబట్టి. 2021లో 3861తో మోడల్ మార్చినప్పుడు డయల్ అంచున ఆ చిన్న మెట్టు మళ్లీ తెచ్చారు. బెజెల్ మీద, అంటే అద్దం చుట్టూ ఉండే అంకెల రింగు మీద, 90 అంకె పక్కకి జరిగిపోయిన చుక్కని తెచ్చి మళ్లీ 90 నెత్తిన పెట్టారు. చైన్ కూడా పాతవాటిలా బకిల్ దగ్గరికి వచ్చేసరికి సన్నబడుతుంది. కంపెనీయే తన పాత వాచీని చూసి మురిసిపోతుంటే, అసలుది ఎదురుగా ఉండగా మనం నకలు కొనడమెందుకు?

ఇక ట్రిటియం, చీకట్లో వెలగడానికి డయల్ గుర్తుల మీద, ముళ్ల మీద అప్పట్లో పూసిన పదార్థం. ఇన్నేళ్లకి ఆ గుర్తులు మీగడ రంగులోకి తిరుగుతాయి, ఒక్కో వాచీలో ఒక్కో ఛాయ. ఇప్పుడు కొన్ని కంపెనీలు కొత్త వాచీల మీద ఆ రంగు కావాలని పూస్తున్నాయి. పుట్టిన బిడ్డ జుట్టుకి తెల్లరంగు వేసినట్టు ఉంటుంది నాకైతే.

కీఇస్తేచాలు
అందం సరే. వానకి అందం తెలీదు కదా.

తిథివారం
రెండింట్లోనూ తేదీ లేదు. నేనైతే రెండూ కొనను.

వాచీవైద్యం
నేను వాచీలు బాగుచేసే పనిలో ఉన్నవాణ్ణి. పైన ఇద్దరూ సగం సగం చెప్పారు.

పాత వాచీ అనగానే విడిభాగాలు దొరకవని భయపెడతారు. 145.022 విషయంలో ఆ భయం తక్కువ. 861 మూవ్‌మెంట్ 1968 నుంచి వచ్చింది, దాని మూలం లెమానియా 1873. తర్వాత 1990ల్లో వచ్చిన 1861 కూడా ఇంచుమించు అదే యంత్రం, పైపూత మారింది. అంటే దశాబ్దాల పాటు దాదాపు ఒకే డిజైన్ తయారైంది, కాబట్టి భాగాలు దొరుకుతాయి, చేతులకి అలవాటైన పని. అంతకుముందు వచ్చిన 321 మూవ్‌మెంట్‌లో స్టాప్‌వాచ్‌ని నడిపేది కాలమ్ వీల్, నిలువు పళ్లున్న చక్రం. 861లో దాని బదులు క్యామ్ అనే సాదా రేకు ముక్క పెట్టారు. చూడ్డానికి అంత సొగసు ఉండదు, కానీ మొండిది. బటన్ నొక్కితే కాస్త గట్టిగా టక్కుమంటుంది, అంతే. అదే 1969లో వచ్చిన హ్యూయర్ క్యాలిబర్ 11 తెచ్చి నా బల్ల మీద పెడితే ముందు ఒక దండం పెట్టుకుంటాను.

కొత్త 3861లో రాపిడి తగ్గించే కో-యాక్సియల్ ఎస్కేప్‌మెంట్, అయస్కాంతానికి లొంగని సిలికాన్ హెయిర్‌స్ప్రింగ్. గొప్ప యంత్రం, ఒప్పుకుంటాను. కానీ దాన్ని బయట విప్పే ధైర్యం ఉన్నవాళ్లు తక్కువ, భాగాలు అందరికీ అమ్మరు. వారంటీ 5 ఏళ్లు. అది దాటాక కూడా కంపెనీ గడపే తొక్కాలి. కాబట్టి పాతదంటే తలనొప్పి, కొత్తదంటే హాయి అని గీత గీసెయ్యకండి.

నీళ్ల సంగతి మాత్రం కీఇస్తేచాలు గారు చెప్పినదే. 1969 కేసుకి కొత్త గాస్కెట్లు (నీళ్లు ఆపే రబ్బరు రింగులు) వేసి ప్రెషర్ టెస్ట్ పాసయినా, చేతులు కడుక్కునేప్పుడు జాగ్రత్త అనే చెప్తాను. చెమ్మ లోపలికి వెళ్తే మూవ్‌మెంట్‌ని నేను బాగుచెయ్యగలను. మచ్చలు పడ్డ డయల్‌ని ఎవరూ వెనక్కి తేలేరు.

సెకన్లముల్లు
బండి మీద ఉండగా వాన పడితే ఏం చెయ్యాలి సార్?

వాచీవైద్యం
తీసి జేబులో పెట్టుకోవాలి.

కీఇస్తేచాలు
ఇంత పెట్టి కొని జేబులో. టైము ఫోన్లో చూసుకోండి మరి.

నాటోపట్టా
నా దగ్గర కొత్తదే ఉంది, 3861. పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, ఏ గొడవా లేదు. నిజం చెప్పాలంటే ఆ గొడవ లేకపోవడమే కాస్త బోరు. కొత్త హెసలైట్ అద్దం మీద గీతలు పడ్డా కంగారు పడొద్దు, పాలీవాచ్ పేస్టు రాసి రుద్దితే పోతాయి. నీలమణి అద్దం ఉన్న మోడల్ గీతలు పడదు కానీ, గట్టిగా తగిలితే బద్దలవుతుంది, పైగా అంచున పాల రంగు వలయం కనబడుతుంది. నాకు నచ్చలేదు.

ముప్పైనాలుగు
ఈ చర్చల్లో ఎవరూ మణికట్టు కొలత మాట్లాడరు. నాది చిన్న మణికట్టు. కొత్త షాపుకి వెళ్తే నాకు చూపించేవి రెండే రకాలు: రాళ్లు పొదిగిన క్వార్ట్జ్, లేకపోతే మగవాళ్ల 41. పాతవాటిలో 34, 35 మిల్లీమీటర్లు మామూలు సైజు. నేను చివరికి 1960ల ఒమేగా కాన్స్టెలేషన్ తీసుకున్నాను, డయల్ బోర్లించిన పళ్లెంలా ఉంటుందే, ఆ పై-ప్యాన్. దాని ఆటోమేటిక్ మూవ్‌మెంట్ క్రోనోమీటర్ సర్టిఫికెట్, అంటే టైము కచ్చితత్వం పరీక్షించిన కాగితం, ఉన్నది, సన్నగా ఉంటుంది, చొక్కా చేతి కిందికి సులువుగా దూరుతుంది. నాకు పాతదంటే మోజుండి కాదు, కొత్తదాంట్లో నా సైజు లేక.

సెకన్లముల్లు గారూ, మీరు ఫోటోలు చూసి మాట్లాడుతున్నారా, చేతికి పెట్టుకుని చూశారా?

సెకన్లముల్లు
కొత్తది ఒక్కసారి షాపులో పెట్టుకున్నాను. పాతది ఫోటోల్లోనే.

ముప్పైనాలుగు
అనుకున్నాను.

లూపుకన్ను
"పూర్తిగా ఒరిజినల్" అనే మాట ఎవరు చెప్పినా ఒక కథ గుర్తుపెట్టుకోండి. 2021 నవంబర్‌లో జెనీవాలో ఫిలిప్స్ వేలంలో ఒక స్పీడ్‌మాస్టర్ 2915-1 అమ్ముడైంది. 1957లో వచ్చిన మొట్టమొదటి మోడల్, డయల్ ఎండకి గోధుమ రంగు తిరిగినది. 31 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటింది. కొన్నది ఎవరో కాదు, ఒమేగా వాళ్ల మ్యూజియమే. 2023లో కంపెనీయే ప్రకటించింది, అది రకరకాల వాచీల భాగాలతో కూర్చిన బొంత వాచీ అనీ, ఇందులో తమ మాజీ ఉద్యోగులు ముగ్గురి ప్రమేయం ఉందనీ.

తయారుచేసిన కంపెనీ, దాని సొంత మ్యూజియం, పేరున్న వేలం సంస్థ. అంతమంది చేతుల మీదుగా దాటిపోయింది. ఆన్‌లైన్‌లో పెట్టిన నాలుగు ఫోటోలు చూసి మనం కనిపెట్టేస్తామా?

పాతడయల్
అది లక్షల ఫ్రాంకుల వ్యవహారం, మోసం చేస్తే గిట్టుబాటవుతుంది. 145.022 లాంటి మామూలు మోడల్‌కి అంత తతంగం ఎవడు చేస్తాడు?

లూపుకన్ను
తతంగం అక్కర్లేదు. ఏ సర్వీసు సెంటర్‌లోనో ముప్పై ఏళ్ల కిందట డయల్ మార్చేసి ఉంటే చాలు. అమ్మేవాడికే తెలియకపోవచ్చు.

బల్లమీదిబొమ్మ
ఇది నాకే జరిగింది. ఇంట్లోవాళ్లు వాడిన పాత వాచీ ఒకటి సర్వీసుకిచ్చాను. ఏ సెంటరో చెప్పను. తిరిగొచ్చినప్పుడు తళతళలాడుతోంది. లగ్స్ (పట్టా తగిలించే కొమ్ములు) అంచులు పాలిష్ చేసి గుండ్రం చేసేశారు, ముళ్లు కొత్తవి, పాత ముళ్లు ఏవంటే పారేశామన్నారు. వాళ్ల దృష్టిలో చాలా మంచి పని చేశారు, నేనే గోల చేస్తున్నాను. పాతది ఇస్తే కాగితం మీద రాయించుకోండి: పాలిష్ చెయ్యొద్దు, డయల్, ముళ్లు ముట్టొద్దు, ఏ భాగం మార్చినా పాతది తిరిగివ్వాలి.

వాచీవైద్యం
బల్లమీదిబొమ్మ చెప్పింది అక్షరాలా పాటించండి. పాలిష్ అంటే మెరుగు పెట్టడం కాదు, లోహం తీసెయ్యడం. ఆ స్పీడ్‌మాస్టర్ కేసుకి మెలితిరిగిన లగ్స్ ఉంటాయి, గీతలు గీసిన పక్కభాగానికీ మెరిసే అంచుకీ మధ్య గీత పదునుగా ఉండాలి. అది మొద్దుబారిందంటే ఎవరో చక్రం మీద పెట్టేశారని అర్థం.

లాభంసార్
ఇన్వెస్ట్‌మెంట్ కోణంలో చూస్తే పాతదే బెటర్. కొత్తది షాపు దాటగానే పడిపోతుంది.

లూపుకన్ను
వచ్చారండీ. కొన్ని స్టీల్ రోలెక్స్ మోడళ్లు, అలాంటివి మరి కొన్ని తప్ప కొత్తవి చాలావరకు పడతాయి, నిజమే. పాతవి పెరుగుతాయని హామీ ఎవరిచ్చారు? 2022 మొదట్లో సెకండ్‌హ్యాండ్ ధరలు ఆకాశంలో ఉన్నప్పుడు కొన్నవాళ్లు ఆ తర్వాత ఎన్ని నెలలు గుటకలు మింగారో చూడలేదా?

నాటోపట్టా
రోజూ పెట్టుకుంటానన్న మనిషికి లాభం లెక్కలెందుకు సార్. ఆయన బండి కూడా షాపు దాటగానే పడిపోయింది.

పాతడయల్
అసలు మాటకి వద్దాం. చంద్రుడి మీదికి వెళ్లిన వాచీ కథ కోసమే కదా అందరూ దీన్ని కొనేది. 1969లో తయారైన ముక్క చేతికి ఉంటే ఆ సంగతే వేరు.

కాలమ్‌వీల్
చిన్న సవరణ. అపోలో 11 వాళ్ల దగ్గరున్నవి 321 మూవ్‌మెంట్ వాచీలు. 861 కాదు. 1969లో తయారవడం వేరు, 1969లో పైకి వెళ్లడం వేరు.

పాతడయల్
ఆ లెక్కన ఆర్మ్‌స్ట్రాంగ్ వాచీ కూడా చంద్రుడి నేల మీద నడవలేదు. చంద్రుడి మీద దిగిన మాడ్యూల్‌లోని టైమర్ పాడైందని తన వాచీని లోపలే వదిలి దిగాడు. చేతికి పెట్టుకుని నడిచింది ఆల్డ్రిన్.

కాలమ్‌వీల్
ఆ ఆల్డ్రిన్ వాచీ తర్వాత స్మిత్‌సోనియన్ మ్యూజియంకి పంపిస్తుంటే దారిలో మాయమైంది. ఇప్పటికీ దొరకలేదు.

తిథివారం
చంద్రుడి దాకా వెళ్లి క్షేమంగా వచ్చిన వాచీ పార్సెల్‌లో పోయిందన్నమాట. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు ఇన్షూరెన్స్ మర్చిపోవద్దు.

కీఇస్తేచాలు
టైము సంగతి ఒక్కరూ ఎత్తట్లేదేం? వాచీ చూపించాల్సింది అదే కదా. 3861కి మాస్టర్ క్రోనోమీటర్ పరీక్ష ఉంది, రోజుకి 0 నుంచి +5 సెకన్ల లోపల. 15,000 గాస్ అయస్కాంతం పక్కన పెట్టినా చలించదు. పాతదాన్ని ల్యాప్‌టాప్ స్పీకర్ పక్కనో, అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ మీదో పెట్టి చూడండి, ఒక్కసారిగా నిమిషాలకి నిమిషాలు ముందుకి పరిగెడుతుంది.

వాచీవైద్యం
పరిగెడుతుంది, కానీ అది జబ్బు కాదు. డీమ్యాగ్నెటైజర్ మీద పెట్టి బటన్ నొక్కితే పోతుంది, నేను దానికి డబ్బు కూడా తీసుకోను. సర్వీసు బాగా చేసిన 861 రోజుకి పది సెకన్ల అటూ ఇటూ తేలిగ్గా నడుస్తుంది. ఇంకో తేడా ఉంది, కీ లాగితే 3861లో సెకన్ల ముల్లు ఆగుతుంది, 861లో ఆగదు. సెకనుతో సహా కలిపి పెట్టుకునే అలవాటున్నవాళ్లకి చికాకుగా ఉంటుంది.

నాటోపట్టా
రోజుకి పది సెకన్ల కోసం పోట్లాడుకునేవాళ్లమంతా ఆఫీసుకి పావుగంట లేటుగా వెళ్తాం.

ముప్పైనాలుగు
రేడియం గురించి ఒక మాట, పాతవి వెతికేవాళ్ల కోసం. 1960ల మొదటి దాకా చాలా వాచీల ముళ్ల మీద రేడియం పూసేవాళ్లు. వెలుగు ఎప్పుడో చచ్చిపోతుంది, రేడియం మాత్రం చావదు, దాని సగం ఆయుష్షు 1600 ఏళ్లు. మూత మూసి ఉన్నంతవరకు పెద్దగా గొడవ లేదు. అద్దం తీసి, పొడి ఊది, వేలితో తుడిచే పని మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దు. 1969 వాచీలో ఉండేది ట్రిటియం, దానికంత భయం అక్కర్లేదు.

సెకన్లముల్లు
ట్రిటియమే అని ఎలా తెలుస్తుంది?

లూపుకన్ను
డయల్ కింద 6 దగ్గర స్విస్ మేడ్ అన్న అక్షరాలకి అటూ ఇటూ ఇంగ్లీషు టీ అక్షరం ఉండాలి. రెండోది దీపం పరీక్ష. ట్రిటియం సగం ఆయుష్షు 12.3 ఏళ్లు. 1969లో పూసినదాంట్లో ఇప్పుడు నూటికి ఐదు వంతులు కూడా మిగల్లేదు. యూవీ లైటు వేస్తే వెలుగుతుంది, లైటు తీసిన వెంటనే ఆరిపోవాలి. తీశాక కూడా ఆకుపచ్చగా వెలుగుతూ ఉంటే అది 1990ల చివరి నుంచి వాడుతున్న సూపర్ లుమినోవా అనే పూత. వీలైతే వెళ్లి చూసి రండి. పనిలో పనిగా బెజెల్ మీద 90 దగ్గర చుక్క ఎక్కడుందో చూడండి.

మధ్యేమార్గం
ఎవరూ అనలేదు కాబట్టి నేనంటాను. ఈ రెండిటికీ మధ్యలో ఒకటి ఉంది. 1980ల చివర్నుంచి 1990ల మధ్య వరకు వచ్చిన స్పీడ్‌మాస్టర్ 3590.50. అదే 861 మూవ్‌మెంట్, ట్రిటియం డయల్, కేసు ఇంకా నలగలేదు, చైన్ గలగలలాడదు. ఆ తర్వాతి 3570.50 అయితే 1861, లుమినోవా. డబ్బా, కాగితాలతో సహా దొరికే అవకాశం ఎక్కువ, ఎందుకంటే మొదటి యజమాని చాలాసార్లు ఇంకా బతికే ఉంటాడు. రోలెక్స్‌లోనూ అంతే, 14060 సబ్‌మెరీనర్, 16570 ఎక్స్‌ప్లోరర్ II ఇలాంటివి నీలమణి అద్దంతో, వాడుకోవడానికి కొత్తవాటిలా ఉంటాయి, చూడ్డానికి పాతవాటిలా సన్నగా ఉంటాయి. నేను అలాంటిదే వాడుతున్నాను, మార్చే ఆలోచన లేదు.

పాతడయల్
అటూ కాదు ఇటూ కాదు.

మధ్యేమార్గం
అందుకే వానలో తడవొచ్చు, అమ్మేటప్పుడు ఏడవక్కర్లేదు.

వాచీవైద్యం
నీళ్ల పరీక్ష చేయించాకే తడవండి. ముప్పై ఏళ్ల రబ్బరు కూడా రబ్బరే.

సెకన్లముల్లు
వెళ్లి చూసొచ్చాను. లూపుకన్ను గారు చెప్పినట్టే చేశాను.

కేసు బాగుంది, లగ్స్ అంచులు పదునుగానే ఉన్నాయి. బటన్లు నొక్కితే ముళ్లు సరిగ్గా సున్నాకి వచ్చి ఆగుతున్నాయి. యూవీ లైటు వేశాను. తీసేశాక కూడా డయల్, ముళ్లు రెండూ ఆకుపచ్చగా వెలుగుతూనే ఉన్నాయి, లైటు జేబులో పెట్టుకుని ఆయనతో మాట్లాడుతున్నంతసేపూ. స్విస్ మేడ్ పక్కన టీ అక్షరాలు లేవు. చుక్క 90 నెత్తిన లేదు, పక్కకి ఉంది. అదేమని అడిగితే "సర్వీసులో మార్చి ఉంటారు, అవి కూడా ఒమేగావే కదా" అన్నాడు. ధర కొంచెం తగ్గిస్తానన్నాడు. కొంచెమే.

లూపుకన్ను
డయల్, ముళ్లు, బెజెల్. మొహం మొత్తం మారింది. 1969ది అన్నందుకు మిగిలింది కేసు, మూవ్‌మెంట్. ఆ మూవ్‌మెంట్ కూడా చూడలేదు మీరు.

పాతడయల్
వదిలెయ్యండి. పాత చుక్క ఉన్న బెజెల్ ఒక్కటీ విడిగా కొనాలన్నా బోలెడు అవుతుంది.

మధ్యేమార్గం
నేను ఒప్పుకోను. రోజూ పెట్టుకునే మనిషికి సర్వీసు డయల్ వరమే. చీకట్లో టైము కనబడుతుంది, మచ్చ పడితే గుండె ఆగదు. అది చెడ్డ వాచీ కాదు. "పూర్తిగా ఒరిజినల్" అన్న మాటకి పెట్టిన ధర చెడ్డది.

వాచీవైద్యం
మధ్యేమార్గంతో ఏకీభవిస్తాను. మూత తీయించి సీరియల్ నంబర్ చూసి, టైమ్‌గ్రాఫర్ (వాచీ నడక కొలిచే మిషన్) మీద పెట్టి, నిండా కీ ఇచ్చాక ఆంప్లిట్యూడ్, అంటే లోపలి చక్రం ఊగే కోణం, 270 డిగ్రీలు దాటితే, ధర బాగా దిగితే, తీసుకోదగ్గదే. ఆ మూడూ కుదిరితేనే.

బల్లమీదిబొమ్మ
ఆర్కైవ్ కాగితం (కంపెనీ పాత రికార్డులు చూసి ఇచ్చేది) ఉందని చెప్తాడేమో, పడిపోకండి. ఆ నంబర్ వాచీ ఎప్పుడు తయారైంది, ఏ దేశానికి వెళ్లింది అని చెప్తుంది. ఇప్పుడు దాని మీదున్న డయల్ ఎప్పటిదో చెప్పదు.

సెకన్లముల్లు
రెండూ ఒకే వారంలో చేతికి పెట్టుకుని చూశాక ఒకటి తెలిసింది. పాతదాని చైన్ వదులుగా కదులుతుంటే చెయ్యి కదిపినప్పుడల్లా జాగ్రత్త పడ్డాను. కొత్తది పెట్టుకున్నప్పుడు పెట్టుకున్న సంగతే మర్చిపోయి షాపులో తలుపు హ్యాండిల్‌కి కొట్టేశాను, సేల్స్‌మ్యాన్ మొహం చూడాలి. నాకు ఆ మర్చిపోవడమే కావాలి. కొత్తది, హెసలైట్‌తోనే, చెప్పేసి వచ్చాను.

కీఇస్తేచాలు
మొదటి జవాబే విని ఉంటే ఇంత చదివే పని తప్పేది.

పాతడయల్
మర్చిపోయేందుకు వాచీ కొనడం ఏమిటో నాకర్థం కాదు. సరే, అభినందనలు. పెట్టుకోండి బాగా.

నాటోపట్టా
అభినందనలు. పట్టా తియ్యగానే లగ్స్ లోపల టేపు అంటించుకుని మార్చండి, లేకపోతే మొదటి గీత మీ చేత్తోనే పడుతుంది.

ఊరికే అడుగుతున్నా, ఆ పాతదాని అమ్మకం లింకు ఉందా? కొత్తది ఎలాగూ ఉంది నాకు. లుమినోవా డయల్ అంటే చీకట్లో కనబడుతుంది, ధర దించితే మరీ పాపం కాదనిపిస్తోంది.

లూపుకన్ను
ఒకడు గట్టెక్కాడనుకుంటే ఇంకొకడు దూకుతున్నాడు.

సెకన్లముల్లు
లింకు మెసేజ్‌లో పంపాను. వాచీవైద్యం గారు చెప్పిన మూడూ అడగండి, నేను మూత విషయం అడగలేదు.

నాటోపట్టా
అడిగాను. మూత తీసి ఒక్క ఫోటో పెట్టమన్నాను, మెకానిక్ ఖర్చు నేనే ఇస్తానన్నాను. బ్లాక్ చేశాడు.